పొరుగింటి వైఫై – అడుగవలసిన మాట

గత మాసమున పదవ తరగతి విద్యార్థి యొకడు పాఠము ముగిసిన పిదప లేచి నిలువబడి నన్నొక ప్రశ్న యడిగెను.

"అయ్యవారూ, పొరుగింటివారి దీపం వెలుతురు మా అరుగు మీద పడుతుంది. ఆ వెలుతురులో కూర్చుని నేను చదువుకుంటే అది దొంగతనమా?"

"కాదు" అంటిని.

"అట్లయితే వాళ్ళ వైఫై కూడా గోడ దాటి మా ఇంట్లోకి వస్తూంది. మేము పిలవలేదు. అదే వచ్చింది. దాన్ని వాడుకుంటే మాత్రం తప్పెట్లా అవుతుంది?"

తరగతిలోని పిల్లలందరును నవ్విరి. నేను నవ్వలేకపోతిని, వెంటనే బదులును చెప్పలేకపోతిని. దానికి రెండు కారణములు. ఆ ప్రశ్నలో కొంత న్యాయము కలదనుట మొదటిది. నేనును ఒకప్పుడు ఆ పనియే చేసినవాడననుట రెండవది. ఆ సంగతి యీ వ్యాసమున దాచక చెప్పెదను. ముందుగా ప్రశ్నను విచారింతము.

ఇది చిల్లర విషయమని పెద్దలు త్రోసివేయరాదు. మన హోసూరు ప్రాంతమున తరతరములుగా తెలుగు మాటలాడుచున్న కుటుంబముల పిల్లలకు అంతర్జాలము వినోదసాధనము మాత్రమే కాదు. ఒక తెలుగు పదమునకు అర్థము కావలసినచో మునుపు పెద్ద నిఘంటువున్న చోటు వెదకుకొని పోవలసి యుండెను. నేడు సూర్యరాయాంధ్ర నిఘంటువును ఆంధ్రభారతిలో ఫోనునందే చూడవచ్చును. 2003 డిసెంబరులో ఆరంభమైన తెలుగు వికీపీడియా మనకు విజ్ఞానసర్వస్వమువలె ఉపకరించుచున్నది. అచ్చులో దొరకని పాత గ్రంథములు వికీసోర్సులో చదువ వీలగుచున్నది. 2020 మార్చిలో కరోనా వ్యాధి వలన బడులు మూతపడినప్పుడు ఫోనే తరగతి గది యయ్యెను. ఇంటికొక్క ఫోను, దానిలో మధ్యాహ్నమునకే అయిపోవు డేటా, ముగ్గురు పిల్లలు – ఇట్టి యిండ్లు మన వీధులలో ఎన్ని లేవు? 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు ఒక కళాశాల విద్యార్థిని వ్యాజ్యమున తీర్పు చెప్పుచు, అంతర్జాలమును పొందుట విద్యాహక్కులో భాగమని పలికినది. కావున పిల్లవాని యవసరము నిజమైనది. అవసరము నిజమైనప్పుడే ధర్మము కఠినముగా కనబడును. అక్కర లేనివానికి అస్తేయవ్రతమున కష్టమేమున్నది?

ఇక దీపము మాట. వైఫై యనునది రేడియో తరంగముల వలన నడచునది. దాని ప్రమాణము 1997లో ఏర్పడినది. వైఫై యను పేరు 1999లో వచ్చినది. ఇంటిలో నొక మూలనుంచిన రౌటరు అను చిన్న పెట్టె ఆ తరంగములను ప్రసరింపజేయును. వానికి మన గోడల హద్దులు తెలియవు. కావున పొరుగింటిలోనికిని వీధిలోనికిని పోవును. ఇంతవరకు దీపపు వెలుతురునకును దీనికిని భేదము లేదు. మన విద్యార్థి చెప్పినది నిజమే. కాని భేదము దీని తరువాత ఆరంభమగును.

దీపము క్రింద చదువువాడు దీపమును పనిచేయింపడు. అది తనంతట వెలుగుచుండును; మనము చూతుము. వైఫై విషయమున మన ఫోను మొదట ఆ పెట్టెను పలుకరించును. పెట్టె బదులు చెప్పి, మన ఫోనునకొక సంఖ్యను చిరునామాగా నిచ్చి లోనికి రానిచ్చును. పిమ్మట మనము కోరిన పాఠమునో, పాటనో, చలనచిత్రమునో ఆ పెట్టె యజమాని రుసుము చెల్లించిన మార్గమున బయటినుండి తెచ్చి మనకిచ్చును. ఇది పొరుగింటి వెలుతురున కూర్చుండుట కాదు. పొరుగింటి జీతగానిని ఆ యింటి యజమానునకు తెలియకుండ మన పనిమీద సంతకు పంపుట. జీతము ఆయన యిచ్చుచున్నాడు. మూటలు మనము మోయించుచున్నాము.

మరియు వెలుతురున ఒకడు చదివినను పదిమంది చదివినను దీపము తగ్గదు. వైఫై తగ్గును. ఒక రౌటరునకు తగిలియున్న పరికరములన్నియు ఒకే మార్గమున వంతులవారీగా మాటలాడవలెను. దూరమున నున్న ఫోను, గోడల యవతలినుండి సన్నగా మాటలాడునది, తన వంతునకు ఎక్కువ కాలము పుచ్చుకొనును. అందుచేత యజమాని ప్రక్కనే కూర్చున్న పరికరము సహితము నెమ్మదించును. అదియుగాక కొన్ని ఏర్పాటులలో నెలకింత యని పరిమితి యుండును. అది దాటినచో వేగము తగ్గింపబడును. అర్ధరాత్రి యజమాని నిద్రించునప్పుడు వాడినచో ఆయనకేమి నష్టమని కొందరందురు. ఆ పరిమితి గల చోట రాత్రి వాడినదియు లెక్కలో పడును. పరిమితి లేని చోటనో? అప్పుడును మూడవ భేదము మిగులును. అదియే అన్నింటికన్న పెద్దది.

ఆ మూడవది పేరు. దీపపు వెలుతురున మనమేమి చదివినను దీపము గలవానికి సంబంధము లేదు. కాని ఒక యింటి వైఫై మీదుగా జరిగిన ప్రతి పనియు బయటి లోకమునకు ఆ యింటి యజమాని పేరిట కనబడును. దీని కొక యుదాహరణము మన దేశ చరిత్రలోనే కలదు. 2008 జూలై 26వ తేదీన అహమ్మదాబాదు నగరమున వరుసగా బాంబులు ప్రేలెను. అంతకు కొద్ది నిమిషముల ముందు ఆ ఘోరమును తెలుపుచు వార్తాసంస్థలకొక ఈమెయిలు వచ్చెను. పోలీసులు దాని జాడ తీయగా అది నవీ ముంబయిలో నివసించుచున్న ఒక అమెరికా దేశస్థుని వైఫై నుండి పోయినదని తేలెను. ఆయనకా నేరముతో సంబంధము లేదు. రక్షణ లేని ఆయన వైఫైని ఎవరో వాడుకొనిరి. అయినను పోలీసుల విచారణకు ఆయన లోబడవలసి వచ్చెను.

ఒక విద్యార్థి పాఠము చూచుకొనుటకును ఈ ఘోరమునకును పోలిక యేమి యని మీరడుగవచ్చును. బుద్ధిలో పోలిక లేదు. మార్గమున పోలిక కలదు. మనము మంచివారమని మనకు తెలియును, పొరుగువానికి తెలియదు. తన పేరును ఎవరు మోసికొని పోవుచున్నారో తెలిసికొను హక్కు ఆయనకు కలదు. ఆ హక్కును మనము అడుగక తీసికొనుచున్నాము.

చట్టమును ఈ విషయమున మౌనము వహింపలేదు. మన దేశపు 2000 సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టములోని 43వ విభాగము, యజమాని యనుమతి లేక ఒకరి కంప్యూటరునందు గాని కంప్యూటర్ల యల్లికయందు గాని ప్రవేశించువాడు నష్టపరిహారమునకు బాధ్యుడని చెప్పుచున్నది. అదే పని కపటబుద్ధితో చేసినచో 66వ విభాగము ననుసరించి మూడు సంవత్సరముల వరకు కారాగారము, ఐదు లక్షల రూపాయల వరకు జరిమానా, లేక రెండును విధింపవచ్చును. బాలురను భయపెట్టుట నా యుద్దేశము కాదు. భయము వలన మాత్రమే నిలుచు నీతి, కాపలా లేని చోట నిలువదు.

"వారు తాళము వేయలేదు, కావున అందరికిని అనుమతి యున్నట్లే" అనువారును కలరు. తలుపు తెరచియున్నంత మాత్రమున ఇల్లు సత్రమగునా? ఎండకు ఆరబోసిన వడ్లకు కంచె లేనిచో అవి ఊరివారి సొత్తగునా? తాళము దొంగకు అడ్డము గాని సొంతదారునకు ధ్రువపత్రము కాదు. మన పల్లెలలో పగలు తలుపులు మూయని యిండ్లింకను కలవు. ఆ యిండ్లవారికి తాళము కొన స్తోమత లేక కాదు; పొరుగువారి యెడల వారికి నమ్మకము కలదు. పాస్‌వర్డు పెట్టుట తెలియని ముదుసలి వైఫైని వాడుకొనువాడు ఆమె యజ్ఞానమును లాభముగా మార్చుకొనుచున్నాడు.

అయితే తెరచియున్న ప్రతి వైఫైయు నిషిద్ధమని నేననను. టీ అంగడివాడు పాస్‌వర్డును గోడమీద వ్రాసి వ్రేలాడదీసినచో అది అక్కడికి వచ్చి కూర్చున్నవారికి ఆహ్వానమే. రైల్వే స్టేషనులలో 2016 జనవరిలో ముంబయి సెంట్రల్‌తో ఆరంభమై ఆరువేలకు పైగా స్టేషనులకు వ్యాపించిన వైఫై ప్రజలకొరకే ఏర్పడినది. ప్రజలకని పెట్టిన చలివేంద్రమున నీరు త్రాగుటకు సిగ్గుపడ నక్కర లేదు. చలివేంద్రమేదో, ఒకరి పెరటి బావి యేదో తెలిసికొనుటయే వివేకము. తెలియనిచో అడుగుటయే మార్గము.

మన పెద్దలు ఈ ధర్మసూక్ష్మమును ఎన్నడో చెప్పియున్నారు. బౌద్ధ జైన ధర్మములు రెండింటను 'అదత్తాదానము' అను మాట కలదు. అనగా ఇయ్యబడనిదానిని పుచ్చుకొనుట. ఆ మాటలో యజమానునకు నష్టము కలిగెనా లేదా యను విచారణ లేదు. ఆయన యిచ్చెనా లేదా యనునదియే ప్రశ్న.

మహాభారతమున శాంతిపర్వమునందు శంఖలిఖితుల కథ కలదు. వారిద్దరు అన్నదమ్ములు, బాహుదానదీ తీరమున వేర్వేరు ఆశ్రమములలో నుండెడివారు. ఒకనాడు తమ్ముడగు లిఖితుడు అన్న యాశ్రమమునకు వచ్చి, అన్న లేకుండుట చూచి, చెట్ల పండ్లు కోసికొని తినుచుండెను. శంఖుడు వచ్చి, ఇవి యెక్కడివని యడిగి, ఇక్కడివేయని తమ్ముడు చెప్పగా, "నీవు దొంగతనము చేసితివి, రాజు నొద్దకు పోయి చెప్పి దండనము పొందుము" అనెను. సుద్యుమ్న మహారాజు క్షమింప సిద్ధపడినను లిఖితుడు ఒప్పుకొనక దండనమునే కోరెను. రాజు ఆయన చేతులను నరికించెను. పిదప అన్న యాజ్ఞచే బాహుదానదిలో స్నానమాడి తర్పణము విడువబోగా చేతులు మరల మొలిచెనని కథ. ఆ నాటి శిక్ష నేడు మనకు క్రూరముగా తోచును. దానిని మెచ్చుకొనుమని నేననను. కాని ఒక్క విషయము చూడుడు. తమ్ముడు అడిగినచో శంఖుడు పండ్లు కాదనెడివాడా? ఎన్నటికిని కాదు. ఇయ్యదలచిన సొత్తే అయినను, ఇచ్చువాని మాట లేక పుచ్చుకొనుట దొంగతనమే యని కథ చెప్పుచున్నది.

ఇక నా కథ. 2020లో బడులు మూతపడిన దినములలో నేనొక కట్టడమున క్రింది భాగమున అద్దెకుండెడివాడను. పై యంతస్తున ఉద్యోగవిరమణ చేసిన పెద్దమనిషి యొకాయన కుటుంబముతో నివసించుచుండెను. ఒకనాడు మార్కుల పట్టికను అత్యవసరముగా పంపవలసి వచ్చి, నా ఫోనులో డేటా లేక, ఆయన నడిగితిని. ఆయన వెంటనే మనుమరాలిని పిలిచి పాస్‌వర్డు చెప్పించెను. పని ముగిసినది, కృతజ్ఞత తెలిపితిని. కాని ఫోను ఒకసారి విన్న పాస్‌వర్డును మరువదు. మరునాడు అదియే తగులుకొనెను. మొదటి దినమున గమనింపలేదు. రెండవ దినమున గమనించి ఊరకుంటిని. మూడవ దినము నుండి అది నా సొత్తే యన్నట్లు పాఠములు చెప్పితిని, వార్తలు చూచితిని, రాత్రులందు పాటలు వింటిని. ఒక దినమున కిచ్చిన యనుమతిని ఎనిమిది మాసములు సాగదీసితిని. అంతటితో ఆగలేదు. ప్రక్క భాగమున నున్న బంధువుల పిల్లవాడు అడుగగా పాస్‌వర్డు వానికిని చెప్పితిని. వాడెందరికి చెప్పెనో నాకు తెలియదు.

ఒక సాయంకాలము ఆ పెద్దమనిషి మెట్లమీద కనబడి, "అయ్యవారూ, మా మనవరాలి క్లాసు మాటిమాటికీ ఆగిపోతూంది. లైను చూసేవాడు వచ్చి, ఏడు ఫోన్లు తగులుకొని ఉన్నాయంటాడు. మా ఇంట్లో ఉండేవి మూడే. ఏమి చేయాలో తెలియడం లేదు" అని చింతించెను. ఆయన నన్ను శంకింపలేదు. అయ్యవారు కదా యని సలహా యడిగెను. నేను "పాస్‌వర్డు మార్చండి" అని మాత్రము చెప్పి లోనికి పోతిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. తెల్లవారిన పిదప పైకి పోయి జరిగినది యావత్తును చెప్పి, ఆ నెలల రుసుములో పాలు పుచ్చుకొమ్మని వేడితిని. ఆయన కొంతసేపు మాటలాడలేదు. పిదప "అడిగివుంటే ఇచ్చేవాణ్ణి గదా, అయ్యవారూ! పిల్లలకు పాఠాలు చెప్పడానికి ఇచ్చానని నేనూ సంతోషపడేవాణ్ణి" అనెను. డబ్బు పుచ్చుకొనలేదు.

ఆ మాట నన్నింకను విడువలేదు. నేను దొంగిలించినది తరంగములను కాదు, కొన్ని రూపాయలను కాదు. ఇచ్చితినను తృప్తిని ఆయనకు లేకుండ చేసితిని. దానమగునది నా చేతిలో దొంగతనమయ్యెను. రెండింటి నడుమ నున్నది ఒక్క మాట. ఆ మాటను పలుకుటకు నాకు అభిమానము అడ్డము వచ్చెను.

ఆలోచించిన కొలది, అడుగకుండుటకు మూలము పేదరికము కన్న సిగ్గే యని నాకు తోచుచున్నది. అడిగినచో లోకువ యగుదుమని, కాదన్నచో అవమానమని భయపడుదుము. తెలియకుండ పుచ్చుకొనినచో మాత్రము గౌరవము నిలుచునని భ్రమింతుము. అడుగనిది అమ్మయినను పెట్టదని సామెత. అడుగుట చిన్నతనము కాదు; అది పొరుగువానిని మనిషిగా గుర్తించుట. కాదనుటకు ఆయనకు హక్కు కలదని ఒప్పుకొనియే యడుగవలెను. కాదన్నచో నమస్కరించి రావలెను. నోటి మర్యాదగా నడిగి పిదప దొంగచాటుగ తగులుకొనుట మరింత నీచము. ప్రాణాపాయము వంటి సమయమున అడుగు వ్యవధి లేకపోవచ్చును. అప్పుడు వాడుకొని, వెంటనే పోయి చెప్పినచో ఏ పొరుగువాడును తప్పు పట్టడు.

విద్యార్థులారా! మీలో పాస్‌వర్డును మిఠాయివలె పంచుకొనువారు కలరని నేనెరుగుదును. స్నేహితుడు తన యింటి పాస్‌వర్డును మీకు చెప్పినచో, దానిని చెప్పుటకు వాని తల్లిదండ్రులు ఒప్పిరాయని వానిని అడుగుడు. మీకు చెప్పినది మీకే. మరియొకరికి చెప్పుటకు అనుమతి కాదు. ఒక దినమున కిచ్చిరేని, పని తీరగనే ఫోనులో గుర్తుండిపోయిన ఆ పేరును తొలగింపుడు. ఏ పనికని యడిగితిరో ఆ పనికే వాడుడు. నిఘంటువు చూచెదనని యడిగి చలనచిత్రములు దింపుకొనకుడు. తోటివాని ఫోను హాట్‌స్పాటును వాడుకొనునప్పుడును ఇదియే నీతి. వాని దినపు డేటా వాని తండ్రి చెమట.

తల్లిదండ్రులకు నా విన్నపము వేరు. మీ పిల్లవాడు "ఉచితముగా వచ్చుచున్నది" అన్నప్పుడు సంతోషింపక, ఎవరి యింటినుండి యని విచారింపుడు. తెలిసిన పిదప మీరే పొరుగింటికి పోయి యడుగుడు. నెలకు కొంత పాలు చెల్లించెదమని చెప్పుడు. పెద్దలడుగుట చూచిన పిల్లలు అడుగుట నేర్తురు. వైఫై కలవారు దానికి పాస్‌వర్డు పెట్టుకొనుడు. అది పొరుగువారి యెడ అవిశ్వాసము కాదు, మీ పేరునకు కాపు. పెక్కు రౌటర్లలో అతిథులకొరకు వేరొక పేరు, వేరొక పాస్‌వర్డు ఏర్పరచు సదుపాయము కలదు. మీ వీధిలో చదువుకొను పేదబాలుడున్నచో, మీ సేవ నిచ్చు సంస్థ నిబంధనలు ఒప్పినంతవరకు, సాయంకాలము ఒక గంట దానిని వానికి తెరవుడు. వాడు వచ్చి యడుగువరకు ఆగనక్కర లేదు. అడుగుట తీసికొనువాని ధర్మమైనచో, అడుగకయే గ్రహించి యిచ్చుట కలవాని ధర్మము. మన ముందు తరములవారు పరభాషల నడుమ తెలుగును నిలుపుకొనినది ఒకరి పుస్తకము నొకరికిచ్చియే గదా!

మరునాడు ఆ విద్యార్థిని పిలిచి, "నాయనా, వెలుతురు వచ్చి మన యరుగుపై పడును, వైఫైని మన ఫోను పోయి తెచ్చుకొనును. ఇంతే భేదము" అని చెప్పితిని. నా కథయు దాచక చెప్పితిని. వాడు తల వంచుకొని వినెను. పిదప వారమునకు వచ్చి, "అయ్యవారూ, అడిగినాను" అనెను. "ఏమనిరి?" అంటిని. "పరీక్షలయ్యేదాకా సాయంత్రం గంటసేపు వాడుకోమన్నారు. వాళ్ళ చిన్నపాపకు లెక్కలు చెప్పమన్నారు" అనెను.

వాని ముఖమున నాడు కనబడిన వెలుగు ఏ పొరుగింటి దీపమునుండియు వచ్చినది కాదు.